పరీక్షలకు నాలుగు రోజుల ముందు

రెతామా, టెక్సస్
ఏప్రిల్ 10, 2006

అమ్మకి,

మీరు బయలుదేరి రెండు రోజులైంది. ట్రక్కు ఇంకా దారిలోనే ఉంటుంది. ఈ ఉత్తరం మీ వెనకే వచ్చి కోతల క్యాంపులో మిమ్మల్ని పట్టుకుంటుంది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోనయితే రెండు మాటలు కాగానే నాన్న లాక్కుంటాడు, ఆయన చేతిలోంచి అన్నయ్య లాక్కుంటాడు. ఉత్తరంలో అయితే నా మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డం రారు.

నా నుదుట శిలువ గుర్తు పెట్టకుండానే ట్రక్కెక్కావు. వీధి చివర కొట్టుకి వెళ్తున్నా పెట్టేదానివి. ఒఫేలియా పెద్దమ్మ అంతా చూసింది. "కోపంలో మరిచిపోయి ఉంటుందిలేవే. మా చెల్లెలికి కోపమొస్తే తలకాయ కూడా ఎక్కడో పెట్టి మరిచిపోతుంది" అంది. నువ్వు మరిచిపోలేదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

మళ్ళీ చెబుతాను, ఈసారి అరవకుండా. హైస్కూలుకి కావలసినవన్నీ నాకు డిసెంబరుకే అయిపోయాయి. ఇప్పుడు చదువుతున్నవి కాలేజీ పాఠాలు. పొద్దున్న హైస్కూల్లో హాజరు పలికి, మధ్యాహ్నం బస్సులో కాలేజీకి వెళ్తాను. మిగిలినవి రెండే, శరీరశాస్త్రం, స్టాటిస్టిక్స్. ఇవి గట్టెక్కితే రెండేళ్ళ కాలేజీ చదువు హైస్కూల్లో ఉండగానే అయిపోయినట్టు. ఆగస్టులో శాన్ ఆంటోనియో యూనివర్సిటీలో నర్సింగు, నేరుగా మూడో ఏడు. మన వీధిలో నాకంటే పెద్దవాళ్ళకి కూడా లేదమ్మా ఆ అదృష్టం.

పరీక్షలు మే రెండో వారంలో. రాసిన మర్నాడే బస్సెక్కి వచ్చేస్తాను. ఆస్పరాగస్ మొలకల కోత ఇంకా సగం మిగిలే ఉంటుంది, నా నడుం ఎక్కడికీ పోదు.

"నువ్వు లేకుండా మేమెప్పుడైనా ఉత్తరాదికి కోతలకి వెళ్ళామా?" అన్నావు. వెళ్ళలేదు. అందుకే ఏప్రిల్ తర్వాత టెక్సస్ బడి ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. మే నెలలో పిల్లలు ఒకరి పుస్తకాల్లో ఒకరు సంతకాలు పెట్టుకుంటారట. నా పుస్తకాల్లో ఎవరి సంతకమూ లేదు.

మన ఇంటి కిటికీలకి నాన్న కొట్టిన చెక్కలు గట్టిగానే ఉన్నాయి. నిన్న పెద్దమ్మ ఇంటి నుంచి వెళ్ళి చూసొచ్చాను.

నీ కూతురు
నోయెమి


షెల్బీ దగ్గర క్యాంపు, మిషిగన్
ఏప్రిల్ 17

నోయెమీ, తల్లీ,

ముందు నీ నుదుటి సంగతి. ఇదిగో, ఇక్కణ్ణుంచే పెడుతున్నాను, తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున. దూరాన్నించి పెట్టినా తగులుతుందని ఇక్కడి ఫాదరు అన్నాడు. తగిలితే చెప్పు.

దారిలో మెంఫిస్ దాటాక టైరు పేలింది. ఒకటే వాన. మీ నాన్నా, మీ అన్న ఎలిసెయో కింద పడుకుని మారుస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. "అమ్మా, లైటు నా మొహం మీద కాదే, చక్రం మీద! నోయెమి ఉంటే సరిగ్గా పట్టుకునేది" అన్నాడు మీ అన్న. లైటు చక్రం మీదకి తిప్పాను.

ఇక్కడ ఇంకా మంచు. ఆస్పరాగస్ తల కూడా ఎత్తలేదు. ఎండ పడిందంటే మాత్రం పొద్దున్న కోసినచోటే సాయంత్రానికి మళ్ళీ లేస్తుంది, నీకు తెలుసుగా.

ఆసామి భార్య వచ్చి తలలు లెక్కపెట్టింది. "మీరెప్పుడూ నలుగురు కదా?" అంది. "నాలుగో మనిషి కాలేజీలో ఉంది" అన్నాడు మీ నాన్న, ఛాతీ ఇంత చేసుకుని. ఆవిడ మెచ్చుకుంది, చెయ్యి కూడా కలిపింది. ఆ చేత్తోనే చెప్పింది, లోపల పొయ్యీ స్నానాలగదీ ఉన్న ఇల్లు నలుగురు పనిచేసే కుటుంబానికేనని. మే మొదటి ఆదివారం ఫ్లారిడా నుంచి పెద్ద కుటుంబం వస్తోందట. ఆలోపు నాలుగో మనిషి రాకపోతే మేం వరస ఇళ్ళలోకి మారాలి. గుర్తుందా, స్నానానికి బురదలో నడిచి అవతలికి పోయేవాళ్ళం? నీకు ఆ ఏడంతా దగ్గే.

నువ్వేం దిగులు పెట్టుకోకు. చదువుకో. వరస ఇళ్ళలో మనుషులు బతకడంలేదా?

మా అక్కకి చెప్పు, నా తలకాయ నా దగ్గరే ఉందని.

అమ్మ
ఎవులాలియా


రెతామా
ఏప్రిల్ 22

అమ్మా,

దిగులు పెట్టుకోకని చెప్పడానికి ఉత్తరం నిండా దిగులే రాశావు. చదివాక అన్నం సయించలేదు. పెద్దమ్మ రొట్టెలో చిక్కుళ్ళు చుట్టి నోటిదాకా తెచ్చింది. "తినవే, మీ అమ్మ ఉత్తరం తిని కడుపు నింపుకుంటావా?" అని తిట్టింది.

ఇక్కడ కొత్త సంగతి. శరీరశాస్త్రం క్లాసులో మేము పిల్లిని కోస్తున్నాం. చచ్చిన పిల్లినేలే, మందులో ఊరబెట్టింది. కండరాలన్నీ విడదీసి వాటి పేర్లు చెప్పాలి. ఇంటికొచ్చి పెద్దమ్మకి చెబితే నా చేతులకి నిమ్మకాయ రుద్ది, వారం రోజులు నన్ను పిండి ముట్టుకోనివ్వనంది. వాళ్ళ పిల్లి కూడా నన్ను చూసి మంచం కిందకి దూరుతోంది.

ప్రొఫెసరు నన్ను "మిస్ సాల్దివార్" అంటాడు. నేనింకా హైస్కూలు పిల్లనని ఆయనకి తెలియనే తెలియదు. నా పక్కన కూర్చునే ఆవిడకి ఇద్దరు పిల్లలు. పరీక్ష ముందు నా దగ్గరికే వచ్చి అడుగుతుంది. అమ్మా, నాకు అక్కడ ఎంత బాగుంటుందో నీకు ఎలా చెప్పాలో తెలియడంలేదు.

అన్నయ్య పెద్దమ్మకి ఫోన్ చేసి ఏదో చెప్పాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి గుసగుసగా మాట్లాడింది. "ఏం లేదు, మీ నాన్న కాలు బెణికింది" అంది నాతో. బెణికితే గుసగుసలెందుకు? నిజం రాయి.

నోయెమి


క్యాంపు
ఏప్రిల్ 26

నోయెమీ,

నీకు చెప్పొద్దని మీ అన్నకి ముందే చెప్పాను. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఎండ కాసింది, కోత మొదలైంది. రెండో రోజే సాళ్ళ మీద నడిచే కోత బండి చక్రం గుంటలో పడి, దాని పక్క సీటులో కూర్చుని వంగి కోస్తున్న మీ నాన్న కిందపడ్డాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది. నెల్లాళ్ళు కాలు మోపొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి అందర్నీ తిడుతున్నాడు. నిన్న ఆసామి కుక్కని కూడా తిట్టాడు.

అంటే ఇప్పుడు మేం ముగ్గురం కూడా కాదు. ఆసామి భార్య మళ్ళీ వచ్చింది. పాపం, ఆవిడ మొహం చూస్తే ఆవిడకే కష్టంగా ఉన్నట్టుంది. "నాలుగో మనిషి వస్తే మీ ఆయన్ని కూడా లెక్కలోనే ఉంచుతాను, చెప్పిన ఆదివారం వరకు చూస్తాను" అంది, వెళ్ళిపోయింది. మీ నాన్న ఆ మోకాలితో రోజుకి ఎన్నిసార్లు బురద దాటి స్నానాలగదికి పోతాడో దేవుడికే తెలియాలి.

నువ్వు రాకు. నిన్ను రమ్మని ఎవరన్నారు? పిల్లిని కోసుకో. దాని కండరాల పేర్లు చెప్పుకో. మేం ఎలాగో పడతాం, పుట్టిందగ్గర్నుంచి పడుతున్నదే.

ఒక్క మాట మాత్రం అంటాను. ప్రతి ఏడూ ఏప్రిల్లో బడి మధ్యలో మానిపించి మీ ఇద్దర్నీ తెచ్చుకున్నాం. నేను ఫోన్ చేసేదాన్ని, వలస పిల్లల ఆఫీసులో ట్రెవీనో మేడమ్ రాసుకునేది, మిగిలిన పాఠాలు ఇక్కడికి పంపించేది. ఏ ఒక్క ఏడైనా నువ్వు తప్పావా? నాకు తెలిసిన బడి అది. నీ బడి సంగతి నీకే తెలియాలి.

అమ్మ


రెతామా
ఏప్రిల్ 30

అమ్మా,

పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, రమ్మనలేక పొగబెట్టడం నీ దగ్గరే చూశాను.

వస్తున్నాను. అక్కడికే కోతలకి వస్తున్న గార్సా వాళ్ళ వాన్ గురువారం బయలుదేరుతుంది, శనివారానికి అక్కడ ఉంటాను. ఆసామి భార్యకి చెప్పు, ఆదివారం లోపలే నాలుగో మనిషి వస్తోందని. సోమవారం నుంచి నా పరీక్షలు. వాన్‌ని నాలుగు రోజులు ఆపమని గార్సా గారిని అడిగాను. "అమ్మాయ్, ఆస్పరాగస్‌ని ఆగమని చెప్పు, నేనూ ఆగుతాను" అన్నాడు.

ట్రెవీనో మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఊళ్ళో లేదు. ఆఫీసులో అమ్మాయి "ఎప్పటిలాగే కదా? రాసుకున్నాలే, వెళ్ళిరా" అంది. నువ్వు ఒక్క పని చెయ్యి. హైస్కూలుకి చేసినట్టే కాలేజీకి కూడా ఫోన్ చెయ్యి. నంబరు కవరు వెనక రాశాను, స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఉంటారు. నాన్న పడిపోయాడని, పిల్లని తీసుకెళ్ళక తప్పలేదని, పరీక్షలు ఆగస్టులో వచ్చి రాస్తుందని చెప్పు. పెద్దవాళ్ళు చెబితే వింటారు.

నేనే వెళ్ళి ప్రొఫెసరుకి చెప్పొచ్చు. ఆయన గది దాకా వెళ్ళాను కూడా. తలుపు తీసే ఉంది. ఇన్నాళ్ళూ నన్ను పెద్దదాన్ననుకున్నాడు. ఇప్పుడు లోపలికి వెళ్ళి, మా అమ్మ రమ్మంది, ఆస్పరాగస్ కోతకి పోతున్నాను అని ఎలా చెప్పను? మొహం చెల్లక తిరిగొచ్చేశాను.

నాన్నకి చెప్పు, కుక్కల్ని తిట్టొద్దని. నేను వచ్చాక నన్ను తిట్టమను.

నోయెమి


క్యాంపు
ఆగస్టు 15

నా బంగారు తల్లీ,

నువ్వు బస్సెక్కి వారం కాలేదు, ఇల్లు బోసిగా ఉంది. దోసకాయల కోత నడుస్తోంది, నడుం విరుగుతోంది. మీ నాన్న కుంటుతూనే అయినా మాతో సమానంగా కోస్తున్నాడు. నువ్వు రాకపోతే ఆ మోకాలు ఏమయ్యేదో అని ఇప్పటికీ అంటాడు. మొన్న చర్చి నుంచి వచ్చాక ఒక్కడే మెట్ల మీద కూర్చుని, "నా పిల్ల పరీక్ష వదులుకుని వచ్చింది, అయినా దేవుడు దానికి ఇవ్వాల్సింది ఇచ్చాడు" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. నేను చూశానని ఆయనకి తెలియదనుకో, అలాగే ఉండనీ.

మీ పెద్దమ్మ ఫోన్‌లో చెప్పింది, నీ హైస్కూలు డిప్లమా అద్దం కట్టించి గోడకి పెట్టానని. నేను చెప్పలేదూ? ఎప్పటిలాగే అన్నీ సర్దుకుంటాయని? ఊరికే నామీద ఎగిరావు. ఇక్కడ క్యాంపులో అందరికీ చెప్పాను. వరస ఇళ్ళలో ఉన్న ఫ్లారిడా వాళ్ళావిడ, వాళ్ళ కూతురితో "చూడవే, కోత కోస్తూనే నర్సవుతోంది, నువ్వు కూర్చుని కూడా ఏమీ అవ్వవు" అంది. పాపం ఆ పిల్ల మొహం మాడిపోయింది. నాకు లోపల్లోపల సంతోషమే వేసింది, దేవుడు క్షమించుగాక.

శాన్ ఆంటోనియోలో చలి ఉంటుందేమో, నా ఊలు శాలువా పెద్దమ్మ బీరువాలో ఉంది, తీసుకో. మగపిల్లలతో మాట్లాడు గానీ నవ్వకు.

అమ్మ


రెతామా
ఆగస్టు 23

అమ్మా,

శాలువా అక్కర్లేదు. నేను శాన్ ఆంటోనియోలో లేను.

వెళ్ళాను. ఆగిన పరీక్షలు ఇక్కడ పేరు నమోదయ్యాక వచ్చి రాసుకోవచ్చనుకున్నాను. పెద్దమ్మ పెట్టిన మూటలతో బస్సు దిగి, పేరు నమోదు చేసుకునే చోట వరసలో నిలబడ్డాను. కంప్యూటర్లో చూసినావిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి కుర్చీ ఇచ్చింది. కుర్చీ ఇచ్చినప్పుడే అర్థమైంది ఏదో చెడిందని. రెండు పాఠాల్లోనూ నేను తప్పానట. ఎఫ్, ఎఫ్. చివరి పరీక్షకి రాకపోతే తప్పినట్టే లెక్కట. అప్పటిదాకా శరీరశాస్త్రంలో నాకు ‘ఏ’ గ్రేడు ఉందట, అది కూడా ఆవిడే చెప్పింది, ఓదార్పుగా. సీటు ఇచ్చింది ఆ రెండూ పూర్తిచేస్తానన్న షరతు మీద. షరతు తప్పాను కాబట్టి సీటు లేదు.

"నేనప్పుడు హైస్కూల్లో ఉన్నానండీ" అన్నాను. "కాలేజీ గ్రేడు కాలేజీ గ్రేడేనమ్మా, అది ఎప్పటికీ చెరగదు" అంది. హైస్కూలు వాళ్ళది వాళ్ళు సర్దారు, డిప్లమా ఇచ్చారు. అది కాలేజీ సంగతి కాదు. ట్రెవీనో మేడమ్ మాట కాలేజీలో చెల్లదు. ఆ రెండు బళ్ళ మధ్యా ఒకే బస్సు తిరుగుతుంది గానీ ఒకదానికొకటి ఏమీ కావు. నాకు అది తెలిసుండాల్సింది. తెలియలేదు.

క్యాంపులో దిగిన రోజే నిన్ను అడిగాను, కాలేజీకి ఫోన్ చేశావా అని. "చేశాను" అన్నావు. ఆ ఒక్క మాట నమ్ముకుని వేసవంతా నీ పక్కనే వంగి కోశాను. పాటలు కూడా పాడాను. చేస్తే మరి ఇదేంటి? నిజంగా చేశావా అమ్మా?

నోయెమి


క్యాంపు
ఆగస్టు 30

నోయెమీ,

చేశానంటే చేశాను. నీతో అబద్ధమాడాల్సిన గతి నాకు పట్టలేదు.

పెట్రోలు బంకు దగ్గర ఫోన్ నుంచి చేశాను. నా వెనక జనం నిలబడి ఉన్నారు. ఒక పిల్ల ఎత్తింది, చక్కటి స్పానిష్, మన వైపు పిల్లే అయి ఉంటుంది. నోయెమి సాల్దివార్ వాళ్ళమ్మని మాట్లాడుతున్నానన్నాను. మీ నాన్న సంగతి చెప్పబోయాను. "క్షమించండి సెన్యోరా, ఆ విద్యార్థిని గురించి మేము మీతో మాట్లాడకూడదు. ఆమే స్వయంగా మాట్లాడాలి" అంది. నేను తల్లినమ్మా అన్నాను. "తెలుసు సెన్యోరా. అయినా కుదరదు. కాలేజీలో చేరితే వయసెంతైనా ఆమె సంగతులు ఆమెవే" అంది. దానికి పదిహేడేళ్ళే, ఇంకా నేనే జడ వేస్తున్నానన్నాను. వెనక ఎవరో నవ్వారు. నేను ఫోన్ పెట్టేశాను.

వచ్చి నీకేం చెప్పమంటావు? నిన్ను కన్నదానికి నీ గురించి మాట్లాడే హక్కు లేదన్నారని చెప్పనా? ఆమే మాట్లాడాలంటున్నారంటే ఆ ఉత్తరం రాశాకైనా, బయలుదేరేముందు నువ్వు మళ్ళీ వెళ్ళి మాట్లాడే ఉంటావనుకున్నాను. వేరే ఏమనుకుంటాను? నీకు వాళ్ళ గది తెలుసు, నాకు తెలియదు. గది దాకా వెళ్ళి తిరిగొచ్చింది నువ్వు.

పుండు మీద కారం చల్లినట్టుందా? నాకూ అలాగే ఉంది. ఇప్పుడు నేనొస్తాను. ఆపిల్ కోత పోతే పోయింది. వచ్చి ఆ కాలేజీలో ఎవరు పెద్దో వాళ్ళ ముందు నిలబడతాను. తప్పు నాదేనని, పిల్లని లాక్కొచ్చింది నేనేనని చెబుతాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఏ రోజు రావాలో రాయి.

అమ్మ


రెతామా
సెప్టెంబరు 6

అమ్మా,

రావద్దు. ఈసారి రావద్దంటే రావద్దనే.

నిన్న కాలేజీలో నా మొర వినడానికి ముగ్గురు కూర్చున్నారు. మా అమ్మ వస్తుంది, ఆమె చెబుతుంది అన్నాను. గదిలోకి నేనొక్కదాన్నే రావాలన్నారు. నువ్వు నీ తప్పేనని రాసిచ్చినా పనికిరాదట, పాఠాల్లో చేరింది నేను, మానేసింది నేను. మానేటప్పుడు మానేస్తున్నానని చెప్పాల్సిందీ నేనే. ఒక్క మాట ఆ వారంలో ప్రొఫెసరుకి చెప్పి ఉంటే పరీక్ష తర్వాత రాయనిచ్చేవాడట. ఆయన కూడా వచ్చాడు. "నువ్వు హైస్కూలు పిల్లవని నాకు ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయనకి తెలియకూడదనే కదా నా ఆరాటం.

హైస్కూలు మనల్ని పిల్లలుగా చూసింది, కాబట్టి క్షమించింది. కాలేజీ నన్ను పెద్దదాన్ని చేసింది. ఎప్పుడు చేసిందో మాత్రం నాకూ చెప్పలేదు, నీకూ చెప్పలేదు.

ఎఫ్‌లు అలాగే ఉంటాయన్నారు. జనవరిలో కావాలంటే మళ్ళీ చదువుకోవచ్చట, సొంత ఖర్చుతో. శాన్ ఆంటోనియో నర్సింగు వాళ్ళు మాత్రం శరీరశాస్త్రం ఒకసారి తప్పినవాళ్ళని తీసుకోరు. హైస్కూల్లో ఉండగానే రెండేళ్ళు మిగుల్చుకోవాలని పరిగెత్తాను. పరిగెత్తకుండా అందరిలా నింపాదిగా హైస్కూలు చదువే చదివి ఉంటే, ఈ రోజు మొదటి ఏడులోనైనా కూర్చుని ఉండేదాన్ని.

పెద్దమ్మతో పాటు రొట్టెల కార్ఖానాలో చేరాను. నీ మీద కోపం ఉంది. పోతుందో పోదో తెలియదు. ఉందని చెప్పడం మేలు కదా, ఫోన్ చేశాననే మాటలా సగం చెప్పడం కంటే.

నోయెమి


క్యాంపు
సెప్టెంబరు 14

నోయెమీ,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. మీ నాన్న కంట పడకూడదని.

ఆయనకి నేనింకా చెప్పలేదు. ఎలిసెయోకి చెప్పి నోరు కుట్టేశాను, ఈసారి వాడు కూడా భయపడ్డాడు. ఆయన ఆపిల్ నిచ్చెన ఎక్కుతూ దిగుతూ అందరికీ నీ కబుర్లే చెబుతున్నాడు. తన మోకాలి కోసం నువ్వు వచ్చావని, వచ్చినా నీకేం నష్టం కాలేదని, ఆ ఒక్క మాట మీద ఆయన నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. అరవడు, తిట్టడు. తినడం మానేస్తాడు.

నువ్వు నన్ను ఏమైనా అను, పడతాను. నీ బతుకు నా చేత్తో నేనే తుంచానని నాకు తెలుసు, కాదని చెప్పమని నిన్ను అడగను. ఒక్కటే అడుగుతాను. నీ దగ్గర్నుంచి ఉత్తరం ఎందుకు రావడంలేదని రోజూ అడుగుతున్నాడు. ఒకటి రాయి. శాన్ ఆంటోనియో నుంచి రాసినట్టు రాయి. ఎలిసెయో చదివి వినిపిస్తాడు, ఆయన కవరు చూడడు. పాఠాలు చెప్పేవాళ్ళ గురించి కూడా కొంచెం రాయి, ఆయనకి అవే ఇష్టం. నవంబరులో ఇంటికొచ్చాక నేనే చెప్పుకుంటాను.

అమ్మ


శాన్ ఆంటోనియో, టెక్సస్
సెప్టెంబరు 22, 2006

ప్రియమైన నాన్నకి, అమ్మకి, అన్నయ్యకి,

నేనిక్కడ కులాసా. ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకండి, చదువు ఒత్తిడి అలా ఉంది. నా గది మూడో అంతస్తులో. కిటికీలోంచి చూస్తే కింద నది కనిపిస్తుంది. నాతో పాటు ఉండే అమ్మాయి లారెడో నుంచి వచ్చింది, పేరు ఆనబెల్. మంచిది గానీ నిద్రలో మాట్లాడుతుంది.

మాకు రక్తప్రసరణ పాఠం చెప్పే ఆవిడ చాలా గట్టిది. మొదటి రోజే నన్ను లేపి ప్రశ్న అడిగింది. జవాబు చెప్పాను నాన్నా. "ఎక్కడ చదివావు?" అంది. చెప్పాను. వచ్చే వారం మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్తారు, తెల్లబట్టలు కుట్టడానికి ఇచ్చాను. ఫొటో తీయించుకున్నాక పంపిస్తాను, కొంచెం ఆలస్యమవుతుంది.

నాన్నా, నీ మోకాలికి రాత్రిపూట వేడినీటి కాపడం పెట్టించుకో, నిచ్చెన మీద చివరి మెట్టు ఎక్కకు. నా గురించి బెంగ వద్దు. నువ్వు పిలవలేదు, నేనే వచ్చాను, దానివల్ల నాకేమీ కాలేదు.

అమ్మా, నువ్వు అడిగినట్టే అన్నీ రాశాను. ఇక్కడ ఎవరికీ అమ్మానాన్నలు ఫోన్ చెయ్యనక్కర్లేదు. నన్ను అందరూ పెద్దదానిలాగే చూస్తున్నారు.

మీ కూతురు
నోయెమి